స్కిపియో ఆఫ్రికానస్ సమాధిశిలలు: పాఠం, శిల్పం, లోపించిన పదం

వ్యాససంగ్రహం:
ఇంగ్లండులో బ్రిస్టల్ సమీపాన ఉన్న హెన్‌బరీ చర్చి ఆవరణలో 1720 నాటి రెండు చెక్కడపు సమాధిశిలలు ఉన్నాయి. అవి పద్దెనిమిదేళ్ళ వయసులో మరణించిన స్కిపియో ఆఫ్రికానస్ అనే నల్లజాతి సేవకునివి. తలవైపు రాయి మీద ప్రథమ పురుషలో ఒక వచనం, పాదాలవైపు రాయి మీద ఉత్తమ పురుషలో ఎనిమిది పాదాల పద్యం ఉన్నాయి. ఈ రెండు పాఠాలను, వాటితోపాటు ఉన్న నల్లని దేవదూత ముఖాలను కలిపి చదివి, పద్యంలో ‘బానిస’ అనే పదానికి ఎదురుగా రావలసిన ‘స్వతంత్రుడు’ అనే భావం ఎలా లోపించిందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆక్స్‌హిల్, సండర్లాండ్ పాయింట్ సమాధులతోనూ, ఫిలిస్ వీట్లీ కవితతోనూ తులనాత్మకంగా ఈ పరిశీలన సాగుతుంది.

కీలక పదాలు: సమాధి లేఖనం, ఉత్తమ పురుష కథనం, అంత్యప్రాస, శ్లేష, బానిసత్వం, బ్రిస్టల్, స్మారక శిల్పం.

1. ఉపోద్ఘాతం:

శాసనాన్ని చదివే తెలుగు పరిశోధకుడు మొదట వేసుకొనే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దానిని వేయించినది ఎవరు? రచించినది ఎవరు? చెక్కినది ఎవరు? దానివల్ల కీర్తి ఎవరికి దక్కుతుంది? తెలుగు దానశాసనాలలో దాత వంశం, బిరుదులు విస్తారంగా కనిపిస్తాయి. కొన్నిటిలో రచించిన కవి పేరు, చెక్కిన శిల్పి పేరు చివర ఉంటాయి. సమాధి లేఖనం కూడా రాతి మీది రచనే కనుక ఈ ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి. అయితే సమాధి లేఖనంలో ఒక విశేషం ఉంది. అందులో వర్ణితుడైన వ్యక్తికి తన గురించి రాసినదానిని ఒప్పుకొనే అవకాశంగాని, కాదనే అవకాశంగాని లేదు. బానిసగా జీవితం మొదలుపెట్టిన మనిషి విషయంలో ఈ లోపం రెట్టింపవుతుంది. బతికి ఉన్నప్పుడే అతని మాటకు విలువ లేదు; మరణించిన తరువాత ఆ మాటను ఇతరులే కల్పించి పెట్టారు.

ఆంగ్ల సాహిత్యంలో గ్రామీణ చర్చి ఆవరణకు ఒక ప్రత్యేక స్థానం ఏర్పడింది. థామస్ గ్రే 1751లో ప్రచురించిన స్మృతికావ్యం పేరు ప్రతిష్ఠలు లేని పల్లెవాసుల సమాధులను కావ్యవస్తువుగా చేసింది. ఆ కావ్యంలో పేదల మౌనమే కవి ఆలోచనకు ప్రేరకం. హెన్‌బరీలోని సమాధి అంతకు మూడు దశాబ్దాల ముందుది. ఇక్కడి స్థితి దానికి భిన్నమైనది. ఇక్కడ మృతుడు మౌనంగా లేడు. ఎనిమిది పాదాల పొడవునా ‘నేను’ అని చెబుతున్నాడు. ఆ ‘నేను’ ఎవరిది, అది ఏమి చెప్పింది, ఏమి చెప్పకుండా విడిచిపెట్టింది అనేవి ఇక్కడ పరిశీలనాంశాలు.

2. స్థలకాల నేపథ్యం:

హెన్‌బరీ 1720 నాటికి గ్లోస్టర్‌షైర్ ప్రాంతంలోని ఒక గ్రామం. 20వ శతాబ్దంలో అది బ్రిస్టల్ నగరంలో కలిసిపోయింది. అక్కడి సెయింట్ మేరీ చర్చి ఆవరణలోనే ఈ సమాధి ఉంది. స్కిపియో 1720 డిసెంబరు 21న మరణించాడు. అతడు సఫోక్ 7వ ఎర్ల్ అయిన చార్లెస్ విలియం హోవర్డ్ ఇంటి సేవకుడు. ఎర్ల్ భార్య అరబెల్లా హెన్‌బరీలోని గ్రేట్ హౌస్‌కు చెందిన ఆస్ట్రీ కుటుంబపు ఆడపడుచు. సేవకుడు మరణించిన రెండేళ్ళ లోపే, 1722లో, ఈ దంపతులిద్దరూ మరణించారు.

బ్రిస్టల్ రేవు చరిత్ర తెలియకుండా ఈ రాళ్ళు అర్థం కావు. ఆఫ్రికా వాణిజ్యంపై రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం 1698లో తొలగింది. ఆ తరువాత బ్రిస్టల్ వర్తకులు బానిసల వ్యాపారంలోకి బాహాటంగా ప్రవేశించారు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించేవరకు ఆ రేవునుంచి రెండు వేలకు పైగా బానిస నౌకాయాత్రలు బయలుదేరాయి. వాటిలో అత్యధిక భాగం మనుషులను ఆఫ్రికానుంచి నేరుగా కరీబియన్ దీవులకు, ఉత్తర అమెరికాకు తరలించినవే. అందువల్ల బ్రిస్టల్ వీధులలో కనిపించిన ఆఫ్రికావాసుల సంఖ్య ఆ వ్యాపార పరిమాణంతో పోలిస్తే చాలా స్వల్పం. ఇంగ్లండుకు చేరిన కొద్దిమందిలో పలువురు సంపన్నుల ఇళ్ళలో సేవకులుగా ఉండేవారు. నల్లజాతి బాలసేవకుణ్ణి పక్కన ఉంచుకోవడం ఆనాటి ప్రభువర్గాలలో హోదాకు గుర్తు. పియెర్ మిన్యార్ 1682లో చిత్రించిన పోర్ట్స్‌మత్ డచెస్ చిత్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో నల్లజాతి బాలిక డచెస్‌కు ముత్యాలు, పగడం అందిస్తూ కనిపిస్తుంది. ఆమె చర్మచ్ఛాయ డచెస్ తెల్లదనాన్ని మరింత ప్రస్ఫుటం చేయడానికే చిత్రంలో ఉంది.

ఈ నేపథ్యంలో స్కిపియో సమాధి అసాధారణమైనది. ఆ కాలంలో ఆంగ్ల గ్రామీణులలో అధిక సంఖ్యాకులకు సమాధిశిల అనేదే ఉండేది కాదు. అటువంటిది పద్దెనిమిదేళ్ళ సేవకునికి చెక్కడపు పనితో, రంగులతో రెండు రాళ్ళు నిలిపారు. వాటిని ఈనాడు ఇంగ్లండు వారసత్వ కట్టడాల జాబితాలో గ్రేడ్ 2* స్థాయిలో సంరక్షిస్తున్నారు. ఈ వ్యయం వెనుక యజమానుల ఆత్మీయత ఉండవచ్చు, హోదా ప్రదర్శన ఉండవచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. యజమాని మనసును రాతినుంచి నిర్ధారించడం సాధ్యం కాదు. రాతి మీది మాటల అమరికను నిర్ధారించడం సాధ్యమే.

3. శిరశ్శిల: పేరు, ప్రథమ పురుష:

తలవైపు రాయి మీది వచనం క్లుప్తమైనది. ఇక్కడ స్కిపియో ఆఫ్రికానస్ దేహం ఉంది అనీ, అతడు ఎర్ల్‌గారి నల్లజాతి సేవకుడనీ, మరణించిన తేదీ, వయసు ఫలానా అనీ మాత్రమే అది తెలుపుతుంది. మృతుని తల్లిదండ్రుల పేర్లు లేవు. జన్మస్థలం లేదు. బంధుత్వం చెప్పవలసిన చోట యజమాని పేరు, గౌరవవాచకంతో, బిరుదుతో సహా ఉంది. సాధారణ ఆంగ్ల సమాధి లేఖనంలో ఫలానావారి కుమారుడు, ఫలానామె భర్త అని ఉండే స్థానం అది. అక్కడ ‘సేవకుడు’ అనే సంబంధం వచ్చి కూర్చుంది.

పేరు కూడా యజమానులు పెట్టినదే. పబ్లియస్ కార్నేలియస్ స్కిపియో క్రీ.పూ. 202లో జామా యుద్ధంలో కార్తేజ్ సేనాని హానిబాల్‌ను ఓడించిన రోమన్ సేనాని. ఆఫ్రికా నేలమీద సాధించిన ఆ విజయానికి గుర్తుగా అతనికి ‘ఆఫ్రికానస్’ అనే బిరుదనామం వచ్చింది. అంటే ఆ మాటకు మూలార్థం ఆఫ్రికాను గెలిచినవాడు అని. అదే మాట ఓడిపోయిన పక్షానికి చెందిన యువకునికి వచ్చేసరికి ఆఫ్రికావాడు అనే జాతివాచకమైపోయింది. సీజర్, పాంపే, కేటో వంటి రోమన్ పేర్లను బానిసలకు పెట్టడం ఆనాటి యజమానులలో సాధారణ వాడుక. లాటిన్ చదువుకున్న యజమానికి అది చమత్కారం. ఆ పేరుతో పిలిపించుకొనే వ్యక్తికి అది తన పూర్వనామం చెరిగిపోవడం. విజేత బిరుదు పరాజితుని గుర్తింపుగా మారిన ఈ అర్థవిపర్యయం రాతి మీద యే వ్యాఖ్యానమూ లేకుండా నిలిచి ఉంది. అతని జన్మభూమికి సంబంధించిన సూచన ఏదైనా ఈ వచనంలో ఉన్నదంటే, అది ఈ పేరూ, జాతిని తెలిపే ఒక విశేషణమూ మాత్రమే.

4. పాదశిల: ఉత్తమ పురుష:

పాదాలవైపు రాయిలో స్వరం మారుతుంది. ప్రథమ పురుషలోని వచనం ఉత్తమ పురుషలోని పద్యమవుతుంది. ఛందస్సు ఆంగ్లంలో హీరోయిక్ కప్లెట్ అని ప్రసిద్ధమైన రెండు పాదాల కూర్పు. తెలుగు ద్విపదతో దీనికి పైపైన పోలిక కనిపించినా, తెలుగులో ప్రాస పాదాల రెండవ అక్షరంలో ఉంటే ఇక్కడ పాదాంతంలో ఉంటుంది. డ్రైడన్ తరువాత, పోప్ జీవించి ఉన్న ఆ కాలంలో చదువుకున్న ఆంగ్లేయుని చేతికి సహజంగా వచ్చే ఛందస్సు ఇది. సేవకుని సమాధికి ఇటువంటి ఛందస్సును ఎంచుకోవడంలోనే రచయిత సామాజిక స్థాయి తెలుస్తోంది.

పద్యభావం ఇది. వక్త తాను అన్యమతస్థునిగా, బానిసగా పుట్టానని చెప్పి, ఇప్పుడు క్రైస్తవునిగా సమాధిలో హాయిగా నిద్రిస్తున్నానంటాడు. తన మేనిచాయ నల్లనిదైనా రక్షకుని దృష్టి దానిని వెలుగుగా మారుస్తుందంటాడు. భూలోకంలోని తన ప్రభువు చేసిన అనుగ్రహమే పరలోకంలోని ప్రభువు వద్ద తనకు సిఫారసు అని కృతజ్ఞత చెబుతాడు. చివరకు క్రీస్తు రెండవ రాకడకోసం పరిశుద్ధులతో, దేవదూతలతో కలిసి ఎదురుచూస్తున్నానని ముగిస్తాడు.

మృతుడు తానే మాట్లాడుతున్నట్టు రాయడం సమాధి లేఖనాలలో ప్రాచీనమైన పద్ధతి. పాశ్చాత్య అలంకారశాస్త్రం దీనిని ప్రొసోపోపియా అంటుంది. మాటలేని దానికి మాట కల్పించడం దీని లక్షణం. 1810లో వర్డ్స్‌వర్త్ సమాధి లేఖనాల గురించి రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని మృదువైన కల్పనగా గుర్తిస్తూనే, బతికి ఉన్నవారు తమ గొంతుతోనే చెప్పే పద్ధతి మేలైనదని నిర్ణయించాడు. పాల్ డి మాన్ 1979లో ఆ వ్యాసాన్ని పునర్విమర్శ చేస్తూ, మృతునికి గొంతు ఇవ్వడమంటే అతనికొక ముఖాన్ని తొడగడమేననీ, తొడిగిన ముఖం అసలు ముఖాన్ని తుడిచివేస్తుందనీ వాదించాడు. హెన్‌బరీ పద్యానికి ఈ వాదం అక్షరాలా వర్తిస్తుంది. పద్యంలోని ‘నేను’ స్కిపియో పేరుతో ఉంది. కాని కృతజ్ఞత చేరుతున్నది యజమానికి. చదివేవారు యజమాని వర్గీయులు. ‘ప్రభువు’ అనే పదం మీద కూర్చిన శ్లేష ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆంగ్లంలో ‘లార్డ్’ అంటే ఎర్ల్, దేవుడు ఇద్దరూ. రెండు వరుస పాదాలలో ఒకసారి ఈ లోకపు ప్రభువు, మరొకసారి ఆ లోకపు ప్రభువు వస్తారు. శ్లేష వల్ల ఎర్ల్ దేవునికి సమీపస్థుడవుతాడు. సేవకుని స్థానం మాత్రం రెండు లోకాలలోనూ ఒకటే. ఇక్కడా ప్రభువు ఉన్నాడు, అక్కడా ప్రభువు ఉన్నాడు.

5. లోపించిన పదం:

పద్యం మొదటి రెండు పాదాల నిర్మాణం విరోధం మీద ఆధారపడింది. హీరోయిక్ కప్లెట్‌కు ఇది స్వాభావికమైన కూర్పు. ఒక పాదం ఒక స్థితిని చెబితే, రెండవ పాదం దానికి ప్రతిస్థితిని చెప్పాలి. ఇక్కడ మొదటి పాదంలో రెండు స్థితులు ఉన్నాయి. ఒకటి మతానికి సంబంధించినది: అన్యమతస్థుడు. రెండవది సామాజిక, న్యాయ స్థితికి సంబంధించినది: బానిస. రెండవ పాదంలో మొదటిదానికి ప్రతిపదం వచ్చింది: క్రైస్తవుడు. రెండవదానికి ప్రతిపదం ‘స్వతంత్రుడు’ కావాలి. అది రాలేదు. ఛందస్సు ఇచ్చిన చోటు ఉంది, అలంకారం అడిగిన సమతౌల్యం ఉంది, మాట మాత్రం లేదు.

ఆ చోటును నింపినది ప్రాస. ఆంగ్లంలో బానిసకు ‘స్లేవ్’, సమాధికి ‘గ్రేవ్’ అంత్యప్రాసలు. అర్థం ఇవ్వవలసిన ప్రతిపదాన్ని ధ్వనిసామ్యం ఇచ్చింది. ‘బానిస’కు ఎదురుగా ‘స్వేచ్ఛ’ నిలవవలసిన చోట ‘సమాధి’ నిలిచింది. రచయిత దీనిని ఉద్దేశించి చేశాడని అనడానికి లేదు. ఆ రెండు పదాలు ఆంగ్ల పద్యంలో తేలికగా జతకట్టేవే. అయితే ఉద్దేశం లేకుండానే భాష ఒక సత్యాన్ని బయటపెట్టడం సాహిత్య విమర్శకు కొత్త విషయం కాదు. బానిసత్వం అంతమయ్యే చోటుగా ఈ పద్యం చూపగలిగినది సమాధిని మాత్రమే.

ఈ లోపం కేవలం ఛందస్సు ఇరుకువల్ల వచ్చినదా అన్న సందేహానికి ఆనాటి న్యాయచరిత్ర సమాధానం చెబుతుంది. బాప్తిస్మం పొందిన బానిసకు స్వేచ్ఛ లభిస్తుందన్న నమ్మకం ఆ కాలపు ఇంగ్లండులో విస్తృతంగా ఉండేది. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఇంగ్లండు గడ్డమీద అడుగుపెట్టిన నల్లజాతివాడు స్వతంత్రుడన్న అభిప్రాయాన్ని వెలిబుచ్చాడు. ఈ భావాలు తోటల యజమానులను కలవరపెట్టాయి. వారి కోరికపై 1729లో ఇద్దరు ప్రభుత్వ న్యాయాధికారులు, యార్క్, టాల్బట్, బాప్తిస్మం వల్లగాని, ఇంగ్లండుకు రావడం వల్లగాని బానిస లౌకిక స్థితి మారదని అభిప్రాయం ఇచ్చారు. స్కిపియో మరణం ఈ రెండు అభిప్రాయాల నడుమ కాలానిది. అంటే క్రైస్తవుడైన బానిస స్వతంత్రుడా కాదా అన్నది 1720లో సజీవమైన వివాదం. ఆ వివాదం మధ్యలో ‘బానిసగా పుట్టాను, క్రైస్తవునిగా నిద్రిస్తున్నాను’ అన్న అర్థం వచ్చే పద్యం రాసి, స్వేచ్ఛ మాట ఎత్తకపోవడం అమాయకమైన మౌనం కాదు. శిరశ్శిల ‘సేవకుడు’ అంటుంది. పాదశిల ‘బానిసగా పుట్టిన’ అంటుంది. అతడు ఎప్పుడు బానిస కాకుండా పోయాడో రెండు రాళ్ళలో ఏదీ చెప్పదు.

ఇందుకు భిన్నమైన సంప్రదాయం కూడా ఆ శతాబ్దానికి తెలియనిది కాదు. శామ్యూల్ జాన్సన్ 1740లో సమాధి లేఖనాలపై రాసిన వ్యాసం ముగింపులో గ్రీకు భాషనుంచి ఇద్దరు బానిసల లేఖనాలను ఆదర్శంగా ఎత్తి చూపాడు. వారిలో ఒకరు జోసిమా. ఆమె బతికినప్పుడు దేహమే బానిస అనీ, మరణంతో ఆ దేహానికి కూడా విముక్తి కలిగిందనీ ఆ లేఖన సారాంశం. అక్కడ మరణం స్వేచ్ఛగా చెప్పబడింది. మనసు ఎప్పుడూ బానిస కాదన్న ధ్వని ఉంది. హెన్‌బరీ పద్యంలో ఆ ధ్వనికి తావు లేదు.

6. రంగు: పద్యం చెప్పినది, శిల్పం చూపినది:

పద్యంలో మరొక విరోధం నలుపు, వెలుగులది. నల్లని చాయ ఒక కొరతగా, రక్షకుని దృష్టి ఆ కొరతను తీర్చే వెలుగుగా చెప్పబడ్డాయి. చర్మపు రంగును ఆత్మ అంధకారానికి ప్రతీకగా వాడడం ఆనాటి క్రైస్తవ బోధనలలో తరచు కనిపించేదే. ‘అయినప్పటికీ’ అన్న అర్థంగల మాటతోనే ఆ వాక్యం మొదలవుతుంది. క్షమించదగిన లోపం ఉంటేనే ‘అయినప్పటికీ’ అవసరమవుతుంది.

శిల్పం వేరే మాట చెబుతుంది. 17వ శతాబ్దపు ఆంగ్ల సమాధిశిలల మీద కపాలం, ఎముకలు, ఇసుక గడియారం వంటి మృత్యుచిహ్నాలు ప్రధానంగా ఉండేవి. ఆ తరువాత రెక్కలు గల దేవదూత ముఖాలు, అంటే చెరూబ్‌లు, ఎక్కువయ్యాయి. అవి స్వర్గానికి చేరిన ఆత్మకు సంకేతాలు. సంప్రదాయంలో ఆ ముఖాలు తెల్లని శిశుముఖాలు. స్కిపియో సమాధిపై ఉన్న చెరూబ్‌ల ముఖాలు నల్లనివి. ఆ రాళ్ళు రంగులు అద్దినవి కనుక ఈ నలుపు స్పష్టంగా కనిపిస్తుంది. పద్యం ప్రకారం స్వర్గంలో నలుపు వెలుగుగా మారిపోవాలి. శిల్పం ప్రకారం స్వర్గంలో రెక్కలతో ఉన్న ముఖం నల్లగానే ఉంది.

ఒకే స్మారకంలో అక్షరానికీ, ఆకృతికీ ఏర్పడిన ఈ వైరుద్ధ్యం విశేషంగా గమనించదగినది. నల్లని దేవదూత ముఖం కూడా యజమాని ఆజ్ఞకు లోబడి వచ్చినదే కావచ్చు. మృతుని జాతిని తెలిపే గుర్తుగా మాత్రమే దానిని చెక్కించి ఉండవచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. పద్యం మార్చదలచిన దానిని శిల్పం మార్చకుండా స్వర్గానికి చేర్చింది. బయలులో ఉన్న రాతి మీద రంగు తిరిగి తిరిగి పూయకుండా మూడు శతాబ్దాలు నిలవదు. కాబట్టి ఈ నలుపును నిలిపినది 1720 నాటి ఒక చేయి మాత్రమే కాదు, తరువాతి కాలాల సంరక్షకుల చేతులు కూడా.

7. తులనాత్మక పరిశీలన:

7.1 ఆక్స్‌హిల్: వారిక్‌షైర్‌లోని ఆక్స్‌హిల్ అనే పల్లె చర్చి ఆవరణలో మిర్టిల్లా అనే స్త్రీ సమాధిశిల ఉంది. ఆమె నెవిస్ దీవికి చెందిన థామస్ బోషాంప్ బానిస అని ఆ రాతి మీద స్పష్టంగా ఉంది. బాప్తిస్మం అక్టోబరు 20న, ఖననం 1705 జనవరి 6న జరిగినట్టు చెక్కారు. 1752 వరకు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక ఆ జనవరి నేటి లెక్కలో 1706 అవుతుంది. బాప్తిస్మానికీ, ఖననానికీ మధ్య మూడు నెలలు కూడా లేవు. ఈ రాతి మీద పద్యం లేదు, ఉత్తమ పురుష లేదు, కృతజ్ఞత లేదు. ‘బానిస’ అనే పదం కూడా పుట్టుకకు సంబంధించిన గతంగా లేదు. మరణించే నాటి స్థితిగా ఉంది. హెన్‌బరీ రాళ్ళలోని మాధుర్యం ఇక్కడ లేకపోవడం వల్లనే నిజం మరింత కఠినంగా, స్పష్టంగా ఉంది. బాప్తిస్మం తరువాత కూడా ఆమె బానిసే అని ఆ రాయి దాచకుండా చెబుతోంది.

7.2 సండర్లాండ్ పాయింట్: లాంకషైర్ తీరంలోని సండర్లాండ్ పాయింట్ వద్ద సాంబో అని పిలిచిన ఒక నల్లజాతి యువకుని సమాధి ఉంది. అతడు 1736 ప్రాంతంలో నౌక మీద అక్కడికి చేరి మరణించాడని ప్రతీతి. బాప్తిస్మం లేని కారణంగా చర్చి ఆవరణలో కాక సముద్రపు ఒడ్డున పొలంలో పూడ్చారు. అరవై ఏళ్ళ తరువాత, 1796లో, జేమ్స్ వాట్సన్ అనే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు సందర్శకులనుంచి చందాలు పోగుచేసి అక్కడ పద్యంతో కూడిన ఫలకాన్ని పెట్టించాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా 1787లో లండన్‌లో సంఘం ఏర్పడి, ఉద్యమం బలపడిన కాలమది. ఆ పద్యం దేవుడు మనిషి రంగును కాక హృదయాన్ని చూసి తీర్పు చెబుతాడన్న భావంతో ముగుస్తుంది. 1720లో దేవుడు నలుపును వెలుగుగా మార్చాలి. 1796 నాటికి దేవునికి ఆ మార్పు అవసరం లేదు. ఈ రెండు పద్యాల మధ్య ఆంగ్ల సమాజంలో జరిగిన ఆలోచనా పరిణామం తెలుస్తుంది. అయినా రెండింటిలోనూ మృతుని పూర్వనామం లేదు. కరుణ పెరిగింది, పేరు మాత్రం తిరిగి రాలేదు.

7.3 ఫిలిస్ వీట్లీ: పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి, బాల్యంలోనే బోస్టన్‌లో బానిసగా అమ్ముడుపోయిన ఫిలిస్ వీట్లీ కవితల సంపుటి 1773లో లండన్‌లో వెలువడింది. ఆఫ్రికానుంచి అమెరికాకు తీసుకురాబడటం గురించిన ఆమె కవితకు, హెన్‌బరీ పద్యానికి ఆశ్చర్యకరమైన పోలికలు ఉన్నాయి. రెండూ ఎనిమిది పాదాలవి, రెండూ హీరోయిక్ కప్లెట్‌లోనివి, రెండింటిలోనూ అన్యమత జన్మ, దైవానుగ్రహం, నల్లని చాయ, చివర దేవదూతల ప్రస్తావన ఉన్నాయి. ఈ సామ్యానికి ప్రత్యక్ష ప్రభావం కారణమని అనుకోనక్కరలేదు. ఆ వర్గాలలో ప్రచారంలో ఉన్న మతభాష ఉమ్మడి మూలం కాగలదు. భేదం వాక్యం ఎవరిని ఉద్దేశించినదన్న దగ్గర ఉంది. వీట్లీ చివరి రెండు పాదాలలో క్రైస్తవులను నేరుగా సంబోధించి, నల్లజాతివారు కూడా సంస్కారం పొంది దేవదూతల వరుసలో చేరగలరన్న విషయాన్ని గుర్తుంచుకోమని హెచ్చరించింది. నిజంగా ‘నేను’ అనగలిగిన వ్యక్తి చేతిలో అదే ఛందస్సు, అదే మతభాష యజమానుల వర్గంవైపు తిరిగి నిలబడ్డాయి. హెన్‌బరీ పద్యంలోని ‘నేను’ ఎవరినీ హెచ్చరించదు.

8. 2020 నాటి ఘటన, పునఃపఠనం:

2020 జూన్ 7న బ్రిస్టల్‌లో నిరసనకారులు ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని కూల్చి రేవులోకి తోశారు. కోల్‌స్టన్ 1680లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో చేరి, దాని డిప్యూటీ గవర్నర్ పదవి కూడా నిర్వహించాడు. అతని సభ్యత్వ కాలంలో ఆ కంపెనీ నౌకలు సుమారు 84,000 మంది ఆఫ్రికన్లను తరలించాయని అంచనా. 1895లో నిలిపిన ఆ విగ్రహం కింది ఫలకం అతని ధర్మగుణాన్ని, వివేకాన్ని ప్రశంసించింది. బానిస వ్యాపారాన్ని ప్రస్తావించలేదు. అదే జూన్ మూడవ వారంలో హెన్‌బరీ చర్చి ఆవరణలో స్కిపియో సమాధిశిలల్లో ఒకటి రెండు ముక్కలుగా పగిలి కనిపించింది. కోల్‌స్టన్ విగ్రహాన్ని తిరిగి నిలపాలన్న బెదిరింపు రాత సుద్దతో సమీపంలో ఉంది. తరువాత ఆ రాయికి మరమ్మతు జరిగింది.

కోల్‌స్టన్ 1721 అక్టోబరులో మరణించాడు. స్కిపియో అంతకు పది నెలల ముందు మరణించాడు. ఇద్దరూ ఒకే ప్రాంతానికి, ఒకే కాలానికి, ఒకే వ్యాపారపు రెండు చివరలకు చెందినవారు. కంచు విగ్రహానికి ప్రతీకారంగా రాతి సమాధిని పగులగొట్టడంలో ఒక తప్పుడు సమీకరణం ఉంది. ఆ రెండు స్మారకాలను సమానమైన రెండు పక్షాల గుర్తులుగా అది భావించింది. నిజానికి కోల్‌స్టన్ విగ్రహం పౌరసమాజం ఎంచుకున్న కీర్తిచిహ్నం. స్కిపియో సమాధి ఒక మృతదేహం ఉన్న చోటు. అంతేకాక, దానిమీది మాటలు కూడా యజమాని వర్గానివే. దానిని పగులగొట్టినవారు తెలియకుండానే తాము సమర్థించదలచిన వ్యవస్థ రాసిన పద్యాన్నే పగులగొట్టారు.

ఈ ఘటన తరువాత ఆ సమాధి మీద సానుభూతి పెరగడం సహజం. ఆ సానుభూతి రెండు సులభమైన పఠనాలకు దారి తీసే ప్రమాదం ఉంది. మొదటిది, ఇంత ఖర్చుపెట్టి సమాధి కట్టించారు కనుక యజమానులు దయామయులు అనడం. రెండవది, ఇది కేవలం దోపిడీ చిహ్నం కనుక ఇందులో చదవదగినది లేదనడం. మొదటి పఠనం పద్యాన్ని నమ్ముతుంది, రెండవది పద్యాన్ని చదవదు. రెండూ కలిసి విడిచిపెట్టేది ఒక్కటే: మొదటి రెండు పాదాలలో ఖాళీగా ఉన్న ఆ చోటు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. హెన్‌బరీ శిరశ్శిలలోని ప్రథమ పురుష వచనం మృతుని బంధుత్వ స్థానంలో యజమానిని నిలిపింది. విజేత బిరుదైన ‘ఆఫ్రికానస్’ పరాజిత జాతికి గుర్తుగా మారింది.

2. పాదశిలలోని ఉత్తమ పురుష పద్యం మృతుని గొంతుగా కనిపించే యజమాని వర్గపు రచన. ‘ప్రభువు’ అనే పదంలోని శ్లేష దీనికి బలమైన ఆధారం.

3. విరోధాలంకారం అడిగిన ‘స్వతంత్రుడు’ అనే ప్రతిపదం పద్యంలో లేదు. దాని స్థానాన్ని ప్రాస వల్ల ‘సమాధి’ ఆక్రమించింది. బాప్తిస్మం, స్వేచ్ఛల సంబంధం వివాదంగా ఉన్న 1720లో ఈ లోపం చారిత్రకంగా అర్థవంతమైనది.

4. నలుపు వెలుగుగా మారుతుందన్న పద్యాన్ని అదే సమాధి మీది నల్లని దేవదూత ముఖాలు నిరాకరిస్తున్నాయి.

సమాధి లేఖనాలను చరిత్రకారులు ఆధారాలుగా, కళాచరిత్రకారులు శిల్పాలుగా చదువుతారు. ఛందస్సు, ప్రాస, శ్లేష, పురుషభేదం వంటి సాహిత్య పరికరాలతో చదివినప్పుడు మాత్రమే అవి దాచినది బయటపడుతుంది. స్కిపియో జీవితం గురించి ఈనాడు చెప్పుకొనేదంతా దాదాపు ఈ రెండు రాళ్ళనుంచి వచ్చినదే. అందులో కవిత్వపు కల్పననూ, బిరుదులనూ, కృతజ్ఞతనూ తీసివేస్తే నిలిచేవి ఒక తేదీ, ఒక అంకె. 1720 డిసెంబరు 21. వయసు 18. ఆ పద్దెనిమిదేళ్ళను అతడు ఏ భాషలో తలచుకున్నాడో, తనను తాను ఏ పేరుతో పిలుచుకున్నాడో చెప్పగలిగినవాడు అతడొక్కడే. ఆ ఒక్కని మాట తప్ప మిగిలినదంతా ఆ రాళ్ళ మీద ఉంది.